పిస్తానా, సేజా? మెట్టుగూడ గోడలకు రెండు పచ్చలు



కంటితో చూడాల్సిన సంగతిని ఇవాళ చెవికి అప్పగిస్తున్నాం. విషయం రెండు రంగులు. రెండూ పచ్చలే, రెండూ లేతవే. ఒకటి పిస్తా, ఇంకొకటి సేజ్. పిస్తాను పరిచయం చేయనక్కర్లేదు. పిస్తా పప్పు పొట్టు తీస్తే కనిపించే, పసుపు తొంగిచూసే పచ్చ అది. జంటనగరాల్లో ఎన్నో పడకగదులకు, ఎన్నో హాళ్లకు ఆ రంగు వేసుకున్నారు, ఇంకా వేసుకుంటున్నారు. సేజ్ కొత్తగా వచ్చిన పేరు. మధ్యధరా సముద్ర తీరాల్లో పెరిగే ఒక మొక్క ఆకుది ఆ రంగు. పచ్చలో బూడిద కలిసి మసకగా ఉంటుంది. ఆ ఆకుకు మన వంటింట్లో చోటు లేదు. రంగు మాత్రం హాల్లోకి వచ్చి కూర్చుంది.

షేడ్ కార్డులో ఈ రెండింటి లేత ఛాయలు పక్కపక్కన చూపిస్తే చాలామంది "రెండూ ఒకటే కదా" అంటారు. గోడకు వేశాక వాళ్లే ఆ మాట అనరు.

సికింద్రాబాదులోని మెట్టుగూడనే తీసుకుందాం. నాగోలు నుంచి వచ్చే మెట్రో నీలి మార్గంలో తార్నాక దాటగానే వచ్చే స్టేషన్ ఇది. అంతకన్నా ముందు ఇది రైల్వేవాళ్ల ఊరు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1893లో పక్కనే లాలాగూడలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే తన వర్క్‌షాపు పెట్టింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాదు దానికి ప్రధాన కేంద్రమైంది. అందుకే ఇక్కడ కొద్ది దూరంలోనే నాలుగు రకాల ఇళ్లు కనిపిస్తాయి. పెద్ద చెట్ల నీడలో క్వార్టర్లు ఉన్నాయి. షాబాదు బండలు పరిచిన పాత ఇళ్లు ఉన్నాయి. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికందేంత దగ్గరగా ఉండే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీదైతే మెట్రో వంతెనకు ఎదురుగా బాల్కనీలున్నాయి. ఒకే డబ్బాలోని పెయింట్ ఈ నాలుగు చోట్లా నాలుగు రంగులుగా కనిపిస్తుంది.

డబ్బాలో ఏముందో ముందు చూడాలి.

ఇప్పుడు పెయింట్ దుకాణంలో రంగు కలిపేది మెషిన్. తెల్లటి బేస్ ఉన్న డబ్బాను దాని కింద పెడతారు. పైన గుండ్రంగా అమర్చిన గొట్టాల్లో డజనుకు పైగా చిక్కటి రంగులుంటాయి. ఛాయ నంబరు కొడితే కంప్యూటరు లెక్క ప్రకారం ఏ రంగు ఎంత పడాలో అంత పడుతుంది. తర్వాత డబ్బాను ఇంకో యంత్రంలో బిగించి గిరగిరా తిప్పుతారు. పిస్తా కావాలంటే పచ్చతో పాటు పసుపు ధారాళంగా పడుతుంది. సేజ్ కావాలంటే పచ్చ, మట్టి పసుపులతో పాటు కాస్త నలుపు, కొన్ని ఫార్ములాల్లో ఇటుక ఎరుపు కూడా పడతాయి. ఎరుపు పచ్చకు ఎదురు రంగు. అది చిటికెడు కలిస్తే చాలు, పచ్చ దూకుడు తగ్గి బూడిదలోకి దిగుతుంది. రెండు రంగుల మధ్య ఉన్న తేడా అంతా ఆ కొద్ది చుక్కలదే.

మెషిన్లు రాకముందు ఈ పని పెయింటరు చేతిదీ కంటిదీ. తెల్ల డిస్టెంపరు బకెట్లో స్టెయినరు సీసా నుంచి కొంచెం కొంచెం వంచుతూ, కర్రతో కలుపుతూ, గోడ మూలన ఒక గీత గీసి చూసేవారు. అనుభవం ఉన్న పెయింటరు కలిపిన పిస్తా ఎంతో బాగుండేది. చిక్కల్లా మధ్యలో బకెట్ అయిపోతేనే. రెండోసారి కలిపింది మొదటిదానితో కలిసేది కాదు. హాలుకూ వరండాకూ మధ్య రంగు ఎక్కడ మారిందో ఇంటివాళ్లందరికీ తెలిసేది. పండక్కి వచ్చిన చుట్టాలకైతే ఇంకా ముందే తెలిసేది.

పచ్చకు చెడ్డ చరిత్ర కూడా ఉంది. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే రాగినీ ఆర్సెనిక్‌నూ కలిపి మెరిసే పచ్చ తయారుచేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ ఇళ్ల గోడ కాగితాలకు ఆ రంగూ, దాని తర్వాత వచ్చిన ప్యారిస్ గ్రీనూ విపరీతంగా వాడారు. గోడలు చెమ్మగిల్లి బూజు పడితే ఆ కాగితాల నుంచి విషవాయువు వస్తుందని ఇటలీకి చెందిన బార్టొలొమియో గోసియో 1890లలో పరిశోధించి చెప్పాడు. ప్యారిస్ గ్రీన్‌ను తర్వాత పొలాల్లో పురుగులమందుగా చల్లారంటే, అది ఎలాంటి సరుకో అర్థమవుతుంది.

దాని తర్వాత ఎంతోకాలం చలామణీలో ఉన్నది క్రోమ్ గ్రీన్. ప్రష్యన్ నీలం, క్రోమ్ పసుపు కలిపితే అది తయారవుతుంది. దీనికి రెండు రోగాలు. క్రోమ్ పసుపులో సీసం ఉంటుంది. ప్రష్యన్ నీలమేమో సున్నం, సిమెంటు లాంటి క్షార గుణమున్న గోడ మీద నిలవదు, విరిగిపోతుంది. నీలం పోతే పచ్చలో మిగిలేది పసుపూ, ఇనుము తుప్పు ఛాయా. కొత్త సిమెంటు గోడకు అలాంటి పచ్చ వేస్తే అది మచ్చలు మచ్చలుగా పాలిపోవడానికి కారణం ఇదే. అది పెయింటరు తప్పు కాదు, రసాయనం పని. 1930లలో వచ్చిన థాలోసయనిన్ రంగులు ఈ బెడదను తీర్చాయి. రాగి పరమాణువు చుట్టూ అల్లుకున్న ఆ రంగు క్షారానికీ ఎండకూ లొంగదు. ఇవాళ మెషిన్‌లో పచ్చ గొట్టం నుంచి పడే చుక్క సాధారణంగా అదే.

సీసం సంగతి తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎమ్ మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మెట్టుగూడ మీదుగా మెట్రో పరుగు మొదలైంది కూడా ఆ నెలాఖరులోనే. కాబట్టి ఈ పేటలో మెట్రో రాకముందు తలుపులకూ కిటికీ ఊచలకూ వేసిన ముదురు పచ్చ, ముదురు పసుపు ఎనామిల్ పూతలను పొడిగా గీకకూడదు. తడిపి గీకాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు. గోడకు ఏ పచ్చ బాగుంటుందన్న చర్చ కన్నా ఈ జాగ్రత్త ముఖ్యం. మెట్టుగూడకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, తార్నాకలో, 1944లో పుట్టిన ఒక పరిశోధనశాల ఉంది. ఇప్పుడు దాని పేరు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అందరూ పిలిచేది ఐఐసీటీ అని. రెజిన్లు, పూతల మీద పరిశోధన అక్కడి పనుల్లో ఒకటి. గోడ మీద పూత మొదట శాస్త్రవేత్తల విషయమే. దుకాణం గల్లా దగ్గరికి వచ్చేసరికే అది అభిరుచి అవుతుంది.

ఇక కన్ను. మనిషి కన్ను పగటి వెలుతురులో అన్నిటికన్నా బాగా పట్టుకునేది పచ్చనే. కాంతి తరంగం పొడవు 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన పచ్చ దగ్గర, కంటి స్పందన శిఖరం మీద ఉంటుంది. పిస్తా ఆ శిఖరానికి దగ్గరి రంగు. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో కూడా పిస్తా గోడ "నేనున్నాను" అని చెప్పుకోవడానికి అదొక కారణం. రంగును అంకెల్లో చెప్పే పద్ధతిని 1931లో అంతర్జాతీయ కాంతి సంఘం ఖాయం చేసింది. 1942లో, అమెరికాలోని కోడక్ సంస్థలో పనిచేసే డేవిడ్ మెక్ఆడమ్, రెండు రంగులు ఎంత దగ్గరగా ఉంటే కన్ను వాటిని ఒకటే అనుకుంటుందో కొలిచి చూపించాడు. బొంబాయిలో నలుగురు స్నేహితులు ఏషియన్ పెయింట్స్ మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా ఇవాళ ఆ కంపెనీ సహా పెయింట్ కంపెనీలన్నీ ఒక బ్యాచ్ రంగు ఇంకో బ్యాచ్‌తో సరిపోయిందా లేదా అని చూసుకునే లెక్క అలాంటి కొలతల మీద కట్టిందే. ఆ లెక్కలో తేడా ఒకటికి అటూ ఇటూ ఉంటే మామూలు కన్ను పట్టలేదు. షేడ్ కార్డులో పక్కపక్క గడుల్లో ఉండే రెండు పచ్చల మధ్య తేడా అంతకు చాలా రెట్లుంటుంది. "ఒకటే కదా" అనిపించడానికి కారణం గడి చిన్నది కావడం, దుకాణంలో ట్యూబులైటు, వెనకాల నిలబడ్డ ఇంకో కస్టమరు తొందర.

కొందరికి మాత్రం నిజంగానే ఒకటిగా కనిపిస్తాయి. ఎరుపు, పచ్చల మధ్య తేడా సరిగా తెలియని లోపం వంశపారంపర్యంగా వస్తుంది. మగవాళ్లలోనే ఎక్కువ. ఉత్తర యూరప్ జాతుల్లో అయితే వంద మంది మగవాళ్లలో 8 మంది దాకా ఈ లోపం ఉన్నవాళ్లే. 1875లో స్వీడన్‌లోని లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయి. దానికి ఈ లోపమే కారణమని అనుమానించిన ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ అనే శరీర శాస్త్రవేత్త రైల్వే ఉద్యోగుల చేత రంగురంగుల ఉన్ని పోగులు ఏరించి, రంగు చూపును పరీక్షించడం మొదలుపెట్టాడు. రైల్వేల్లో ఆ పరీక్ష స్థిరపడింది అప్పుడే. ఇప్పుడు ఉన్ని పోగుల బదులు చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా పుస్తకం చూపిస్తున్నారు. అది 1917 నాటిది. కాబట్టి "నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అని ఇంటాయన అంటే ఇంటావిడ విసుక్కోకుండా, నిజమే కావచ్చని ఒక్క క్షణం ఆలోచించాలి. ఇంటాయన లోకో పైలట్ అయితే ఆలోచించనక్కర్లేదు. ఆ సాకు ఆయనకు చెల్లదు.

ఈ పోలికను నిజంగా తేల్చేది వెలుతురు.

ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో వెలుతురు చల్లగా, నీలంగా ఉంటుందనీ, దక్షిణపు గదిలో రోజంతా ఎండ పడుతుందనీ విదేశీ గృహాలంకరణ పుస్తకాలు చెబుతాయి. అవి లండన్ కోసమో, న్యూయార్క్ కోసమో రాసిన మాటలు. సికింద్రాబాదు ఉన్నది భూమధ్యరేఖకు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తరాన. మే రెండో వారం ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చి, ఆ తర్వాత ఉత్తరానికి జరుగుతాడు. మళ్లీ ఆగస్టు మొదట్లో నడినెత్తి మీదికి వచ్చి దక్షిణానికి తిరుగుతాడు. అంటే మన ఉత్తరపు కిటికీకి దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు ఎండ తగులుతుంది. తక్కిన తొమ్మిది నెలలు అది తగలదు. ఉత్తరపు గదిలో వేసవి సెలవుల్లో చూసి ఎంచుకున్న సేజ్ డిసెంబరులో ఇంకో రంగులా కనిపించడానికి కారణం గోడలో లేదు, ఆకాశంలో ఉంది.

పడమటి కిటికీ సంగతి ఇంకో తీరు. సాయంత్రం నాలుగు దాటాక ఏటవాలుగా వచ్చే ఎండలో పసుపు, ఎరుపు పాళ్లు ఎక్కువ. ఆ ఎండ పిస్తా గోడ మీద పడితే, అప్పటికే ఉన్న పసుపుకు పసుపు తోడై గోడ నిమ్మపండు రంగులోకి వెళ్లిపోతుంది. అదే ఎండ సేజ్ మీద పడితే దానిలోని బూడిద కరిగి, అసలు పచ్చ బయటికి వస్తుంది. సేజ్ అంత అందంగా కనిపించే వేళ రోజులో ఇంకొకటి లేదు.

పక్క బిల్డింగు గోడ మూడడుగుల దూరంలో ఉన్న ఫ్లాటుకు ఆకాశం కనిపించదు. కిటికీకి దోమల జాలీ, దాని మీద కర్టెను, బాల్కనీలో ఆరేసిన బట్టలు. పట్టపగలే లైటు వేయాలి. ఆ లైటు ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న. మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్ల ఎల్ఈడీ ట్యూబు డబ్బా మీద 6500కె అని ఉంటుంది. అది నీలం వైపు మొగ్గిన తెలుపు. మామూలు రకాల్లో ముదురు ఎరుపు కాంతి కూడా తక్కువ. సేజ్ గోడకు అది మంచిది కాదు. బూడిద పైకి తేలుతుంది, పచ్చ అడుగున పడుతుంది. గోడకు రంగు వేశారా, లప్పం పెట్టి వదిలేశారా అన్నట్టుంటుంది. అదే లైటు కింద పిస్తాలోని పసుపు కొంత తగ్గి, పచ్చ సమంగా, శుభ్రంగా కనిపిస్తుంది. బల్బు పసుపు వైపు మొగ్గిన 2700కె లేదా 3000కె అయితే కథ తిరగబడుతుంది. సేజ్ కోలుకుంటుంది, పిస్తా మరీ పచ్చిపసుపు అవుతుంది. గోడకు రంగు మార్చడానికి బోలెడు ఖర్చవుతుంది. బల్బు మార్చడానికి అంత కాదు. ఈ చిన్న విషయాన్ని పెయింట్ దుకాణంవాళ్లు చెప్పరు. వాళ్లు అమ్మేది బల్బులు కాదు గదా.

చెట్ల కింది క్వార్టర్లలో ఇంకో మాయ ఉంది. ఆకుల గుండా వచ్చే వెలుతురు అప్పటికే పచ్చగా ఉంటుంది. ఆ వెలుతురులో పిస్తా గోడ మరింత పచ్చనై పసరులా కొడుతుంది. సేజ్‌కు అక్కడ బయటి నుంచే పచ్చ అప్పు దొరుకుతుంది కాబట్టి ఏ లోటూ ఉండదు. మెట్రో వంతెన ఎదురుగా ఉన్న గదిలో దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ కిటికీ లోంచి వచ్చేది సిమెంటు మీద పడి తిరిగిన వెలుతురు. సేజ్ ఆ బూడిదలో కలిసిపోతుంది.

గోడకు పక్కన ఏముందన్నది కూడా రంగును మారుస్తుంది. దీన్ని పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ యూజీన్ షెవ్రూల్. ప్యారిస్‌లో గోబెలిన్ అనే రాజుల కాలం నాటి తివాచీల కర్మాగారంలో అద్దకం విభాగానికి ఆయన పెద్ద. నల్ల ఉన్ని సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వస్తే పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు. ఆ నలుపు పక్కన అల్లిన రంగుల వల్లే అది వెలవెలబోతోంది. ఏ రంగైనా పక్క రంగును తనకు ఎదురు దిశకు నెడుతుందని 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. మన ఇంటికి దాన్ని అన్వయిస్తే, ఎర్రగా పాలిష్ పట్టిన టేకు తలుపు పక్కన ఏ పచ్చైనా మరింత పచ్చగా కనిపిస్తుంది. రెడ్ ఆక్సైడ్ గచ్చు మీద సేజ్ గోడ నిండుగా నిలబడుతుంది. పిస్తా అయితే అరుస్తుంది. నీలి బూడిద రంగు షాబాదు బండల మీద ఈ లెక్క మారుతుంది. కింద బూడిద, గోడకు బూడిద కలిసిన పచ్చ ఉంటే గదంతా ముసురు పట్టినట్టుంటుంది. షాబాదు బండలకు పిస్తాయే తోడు. పాత ఇళ్లవాళ్లు ఏ పుస్తకం చదవకుండానే పిస్తాను ఎంచుకున్నారు. వాళ్ల కళ్లను నమ్మొచ్చు.

లేత పచ్చ అనగానే "ఆస్పత్రిలా ఉంటుంది" అనేవాళ్లున్నారు. ఆ ఆక్షేపణకూ ఒక చరిత్ర ఉంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ తెల్ల గోడల మెరుపు తట్టుకోలేక తన ఆపరేషన్ గదికి పచ్చ వేయించాడు. రక్తపు ఎరుపుకు ఎదురు రంగు కాబట్టి కంటికి విశ్రాంతి అన్నది ఆయన వాదన. పచ్చ ప్రపంచమంతా ఆస్పత్రుల గోడలెక్కడం అలా మొదలైంది. గోడ సగం వరకు ముదురు పచ్చ నూనె రంగు, పైన లేత రంగు వేసిన మన ప్రభుత్వ ఆస్పత్రులను తలుచుకోండి. అయితే ఆస్పత్రి తలపుకొచ్చేది నీలం వైపు మొగ్గిన లేత పచ్చను చూసినప్పుడు. పిస్తా పసుపు వైపుది, సేజ్ బూడిద వైపుది. ఈ నింద రెండింటికీ వర్తించదు. వర్తిస్తున్నట్టు అనిపిస్తే లైటును అనుమానించాలి.

సేజ్ మనదాకా వచ్చిన దారి కూడా ఆసక్తికరమైనదే. 2022కు అమెరికాలోని పెద్ద పెయింట్ కంపెనీలు కూడబలుక్కున్నట్టు బూడిద కలిసిన పచ్చలనే ఆ ఏటి రంగుగా ప్రకటించాయి. షెర్విన్ విలియమ్స్ ఎవర్‌గ్రీన్ ఫాగ్ అంది, బెంజమిన్ మూర్ అక్టోబర్ మిస్ట్ అంది, పీపీజీ ఆలివ్ స్ప్రిగ్ అంది. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు పిల్లలు ఆ రంగులు వేయించుకుంటారు. ఫొటోలు వాట్సాప్‌లో మెట్టుగూడలోని అమ్మానాన్నలకు చేరతాయి. "మన హాలుకూ ఇదే వేయిద్దాం" అన్న మాట అక్కడ పుడుతుంది. ఫోను కెమెరా తనకు తోచినట్టు తెలుపును సర్దుకుని తీసిన ఫొటో అది. దాన్ని దుకాణంలో చూపించి రంగు అడగడం దండగ.

అక్కడి రంగుల్లోనూ ఇలాంటి జంట ఒకటుంది. షెర్విన్ విలియమ్స్‌వారి ఎవర్‌గ్రీన్ ఫాగ్, క్లారీ సేజ్. చిన్న ముక్కల్లో చూస్తే దగ్గరి రంగులే. కానీ గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్ఆర్‌వీ అంటారు. కటిక నలుపుకు 0, నిక్కమైన తెలుపుకు 100. ఎవర్‌గ్రీన్ ఫాగ్‌కు అది 30, క్లారీ సేజ్‌కు 41. మూడు నిలువెత్తు కిటికీలున్న టెక్సాస్ హాలులో 30 కూడా బాగుంటుంది. ఒక్క కిటికీ, దానికీ జాలీ ఉన్న మెట్టుగూడ హాలులో 30 అంటే మధ్యాహ్నమే సంధ్య. మన చిన్న గదులకు 55కు తగ్గకుండా చూసుకోవడం మంచిది. చాలా కంపెనీల ఛాయలకు ఈ అంకె దొరుకుతుంది. అడిగితే చెబుతారు, మనమే అడగం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. గోడ రంగుకు ఆ సూత్రం చెల్లదు. రంగు విస్తీర్ణం పెరిగేకొద్దీ గాఢంగా కనిపిస్తుంది. పైగా నాలుగు గోడలకూ ఒకే పచ్చ వేస్తే, ఒక గోడ నుంచి తిరిగిన పచ్చ వెలుతురు ఇంకో గోడ మీద పడి అది మరింత ముదురుతుంది. అందుకే కార్డులో నచ్చిన గడి కన్నా ఒక మెట్టు లేతది తీసుకోమని పెద్ద పెయింటర్లు చెబుతారు. ఆ మాట వినాలి.

పరీక్ష ఇలా చేయొచ్చు. రెండు రంగుల్లోనూ అన్నిటికన్నా చిన్న డబ్బా ఒక్కోటి కొని, తెల్లటి దళసరి అట్టలు రెండు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో రంగు అంచుల దాకా రెండు కోటింగులు వేయాలి. పాత గోడ మీద నేరుగా వేసి చూస్తే, షెవ్రూల్ చెప్పినట్టు, చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. ఎమల్షన్ తడిమీద పాలు కలిసినట్టు లేతగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది. కాబట్టి మర్నాడు చూడాలి. ముందు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి తేడా తెలుసుకోవాలి. తర్వాత ఒకదాన్ని వేరే గదిలోకి పంపేసి, మిగిలినదాన్ని గచ్చు పక్కన, తలుపు పక్కన, సోఫా వెనకాల నిలబెట్టి చూడాలి. పొద్దున, మధ్యాహ్నం, నాలుగున్నరకు, రాత్రి లైటు వేశాక చూడాలి. నాలుగింటిలో మీరు ఆ గదిలో ఎక్కువసేపు గడిపే వేళ ఏదో దాని తీర్పుకే విలువ. ఉదయం ఎనిమిదికి ఆఫీసుకు వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్లు ఉదయపు ఎండలో రంగు ఎంచుకోవడం అర్థం లేని పని.

కొనేటప్పుడు ఒక్కటి మరవకూడదు. ఒక కంపెనీ ఛాయను ఇంకో కంపెనీ పెయింట్‌లో "మ్యాచింగ్" చేసి ఇస్తామంటారు. దుకాణం లైటు కింద అది సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ ఒకే పచ్చను వేర్వేరు రంగుల మిశ్రమాలతో సాధించవచ్చు. ఒక వెలుతురులో కవలల్లా ఉన్నవి ఇంకో వెలుతురులో విడిపోతాయి. సగం గోడకు ఒకటి, సగానికి ఇంకొకటి వేస్తే రాత్రిపూట బయటపడుతుంది. ఒకే కంపెనీ, ఒకేసారి కలిపించిన డబ్బాలు తీసుకోవాలి. వేసే ముందు వాటన్నిటినీ ఒక పెద్ద బకెట్లో కలిపేయాలి. డబ్బా మూత మీద అంటించిన ఫార్ములా చీటీని ఫొటో తీసి పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత మేకు తీసిన చోట పూత పెట్టడానికి పనికొస్తుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి. పాత గోడ గులాబీదో నీలానిదో అయితే తెల్ల ప్రైమరు తప్పదు. గులాబీ మీద పలుచగా వేసిన పచ్చ మట్టి రంగుకు తిరుగుతుంది. సేజ్‌కు మ్యాట్ పూత అందం, లప్పం ఎగుడుదిగుళ్లు కూడా కనిపించవు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం తుడవడానికి వీలైన, కాస్త మెరుపున్న రకం వేయించుకోక తప్పదు. ఆ మెరుపులో ఏ పచ్చైనా కొంచెం చిక్కబడుతుంది. పైకప్పు తెల్లగానే ఉండనివ్వండి.

ఇక తీర్పు. మూడు వైపులా గోడలు మూసిన ఫ్లాటుకు, మెట్రో వంతెనకు ఎదురుగా ఉన్న గదికి, షాబాదు బండలున్న పాత ఇంటికి పిస్తాయే సరైనది, అదీ లేత పిస్తా. పడమటి ఎండ పడే హాలుకు, చెట్ల నీడలోని ఇంటికి, ఎర్ర గచ్చుకు, టేకు తలుపులకు సేజ్ మేలు. అయితే సేజ్ వేయించుకునేవాళ్లు తెల్ల ట్యూబు తీసేసి 3000కె లైటు పెట్టుకోవాలి. దానికి ఇష్టం లేకపోతే, ఫ్యాషన్ ఏమన్నా సరే, పిస్తాతోనే ఉండండి.